ట్రెయిలరు చప్టా – ముందు లెక్క, పిమ్మట సిమెంటు

మన పల్లెలలో నేడు ఎడ్లబండి చోటును ట్రాక్టరు ట్రెయిలరు ఆక్రమించినది. ఎడ్లబండిని కాడి దించి గోడప్రక్క నెక్కడ నిలిపినను చెల్లుచుండెను. ట్రెయిలరు సంగతి యట్లు కాదు. దొడ్డిలో నిలిపినచో వాననాడు చక్రములు దిగబడును. వీథిలో నిలిపినచో చీకటివేళ దారినబోవువారికి ప్రమాదము. అందువలన ఇంటియొద్ద సిమెంటు చప్టా పోయింపవలెనను కోరిక రైతులలో పెరుగుచున్నది. కోరిక మంచిదే. అయితే అనంతపురము వంటి కఱవుసీమలో బండి నిలుచుటకు మాత్రమే పనికివచ్చు చప్టా దండుగ యనియు, ఒక్క చప్టాయే బండికి నిలుకడయు, పంటకు కల్లమును, చెట్టునకు నీటి యాధారమును కావలెననియు మా యభిప్రాయము.

గోపురము కట్టనెంచినవాడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్క చూచుకొనవలెనను భావముగల ఉపమాన మొకటి సువార్తలో గలదు. చప్టాకును ఆ బుద్ధియే కావలెను. విత్తనములకును ఎరువులకును తెచ్చిన పంటఋణమును చప్టాలో పోయరాదు. సిమెంటు ముంగారు వానకు మొలకెత్తదు. అప్పుమాత్రము గడువునాటికి తప్పక వాకిట నిలుచును. చేతిలో మిగులున్నవాడు పోయించుకొనవచ్చును. లేనివాడు రెండు చక్రముల క్రిందను రెండేసి యడుగుల వెడల్పున కాంక్రీటు పట్టీలు పోయించి, మిగిలినచోట గరుసు పఱచి దిమ్మిస కొట్టించినను ట్రెయిలరు చక్కగా నిలుచును. ఇందులకు నిండు చప్టాకంటె తక్కువ వ్యయమే చాలును.

నిండు చప్టాకు 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అంగుళముల మందము చాలుననుకొందము. అది 75 ఘనపుటడుగుల కాంక్రీటు. ఒక పాలు సిమెంటునకు ఒకటిన్నర పాలు ఇసుక, మూడుపాళ్లు కంకర చొప్పున 50 కిలోల సిమెంటు బస్తాలు సుమారు 17, ఇసుక 32 ఘనపుటడుగులు, కంకర 63 ఘనపుటడుగులు పట్టును. ఈ లెక్కను చేతబట్టుకొని బేల్దారితో మాటలాడిన రైతు మోసపోడు. కలుపునపుడు సులభముగా జాఱుటకై నీరెక్కువ పోయుదురు. అట్లు పోసిన నీరెంత యధికమో కాంక్రీటు బలమంత తగ్గును. దగ్గరనుండి చూచుకొనవలసిన పని ఇదియే.

నేల గుణమును మఱువరాదు. ఎఱ్ఱనేలలో పైమన్ను తీసి, ఆరంగుళముల గరుసు పోసి తడిపి దిమ్మిస కొట్టిన చాలును. తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల నల్లరేగడి తడికి ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అట్టిచోట ఒకటిన్నర రెండడుగుల మన్ను తీసి గరుసుతో నింపనిచో ఎంత మందపు చప్టాయైనను పగులును. పొడవు మధ్యను, కాంక్రీటు పచ్చిగా నుండగనే, అంగుళమున్నర లోతు గాడి తీయవలెను. పగులు వచ్చినను ఆ గాడివెంటనే పోవును. ట్రాక్టరును విడిచిన పిమ్మట ట్రెయిలరు ముందరి బరువంతయు చిన్న ఊతకాలిపై పడును గనుక దానిక్రింద మందపు పలక వేయవలెను.

వాలు పొడవునకు కాక వెడల్పునకు, పదియడుగులకు రెండంగుళముల చొప్పున నుండవలెను. పొడవున వాలుంచినచో బండి దొరలును. అయినను చక్రములకు రాళ్లు పెట్టుట మానరాదు. మన జిల్లాలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పది మిల్లీమీటర్ల వాన కురిసిన ఈ చప్టాపై 165 లీటర్లకు పైగా నీరు పడును. దానిని వీథిలోనికి వదలక, వాలుప్రక్కన గుంటలు తీసి మునగ, కరివేపాకు చెట్లకు పాఱించిన, ఆ చెట్లకు బోరునీటి కరవు కొంత తీఱును. త్రాగుటకు మాత్ర మా నీరు పనికిరాదు.

కాంక్రీటు తడియారుట బలము కాదు. తడిలో గట్టిపడుటయే బలము. ఎండతీవ్రమైన మన సీమలో పదిదినములకు తక్కువ కాకుండ, పదునాలుగు దినములైన మఱియు మంచిది, తడి గోనెసంచులు కప్పి యుంచవలెను. ఒక్క యంగుళము నీరు నిలుపుటకే 425 లీటర్లు కావలెను. కావున ఏప్రిలు, మే నెలలలో పోయింపక, ఆగస్టు సెప్టెంబరులలో పోయించుట తెలివి. 28 దినములు గడచువఱకు నిండుబండి నెక్కింపరాదు.

అట్లు పోయించిన చప్టా వేరుశనగ చేతికివచ్చునాటికి సిద్ధమగును. ఆ దినములలో ట్రెయిలరు ఎట్లును పొలమునకే పోవును. ఖాళీయైన చప్టాపై కాయ నెండబెట్టవచ్చును. తేమ నూటికి 9 వంతులకు దిగనిదే కాయ నిల్వకు పనికిరాదు. చేతబట్టి యాడించిన గింజ గలగలలాడవలెను. తడినేలపై కుప్పవేసిన కాయకు బూజుపట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినపుడు, బ్రెజిలునుండి వచ్చిన వేరుశనగ చెక్కలో నీ విషము బయటపడినది. తారురోడ్డుపై ఎండబెట్టుట ప్రాణములతో చెలగాటము. విత్తనపు కాయను మాత్రము కాగిన చప్టాపై మండుటెండలో పోయరాదు. మొలకశక్తి చెడును, దానిని నీడనే యార్చవలెను. ఎరువులు, పురుగుమందులు మోసిన ట్రెయిలరు నిలిచిన చప్టాను బాగుగా కడిగి యార్చనిదే దానిపై కాయ పోయకుడు. చమురు కారు ట్రాక్టరు నచ్చట నిలుపనే కూడదు.

ఇంటింట చప్టా కావలెనని మేము చెప్పము. నలుగురు రైతులు కలసి ఒక్కటి పోయించుకొని వంతులవారీగా వాడుకొనిన వ్యయము నాలుగవవంతగును. సహకార మనగా ఇదియే కదా! తెలంగాణములో ఉపాధిహామీ నిధులతో కట్టిన కల్లముల వ్యయమునుగూర్చి 2022లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములకు వివాదము గలిగెను. పైవారి తగవు తీఱువఱకు తడికాయ ఆగదు. కావున సభ్యులు తమ నేల, కొలత, పెట్టుబడి కాగితముపై వ్రాసికొని సంఘసమావేశమునకు తెచ్చి, పదిమందితో చర్చించి, ఆ మీదట సిమెంటు బస్తా విప్పుదురుగాక.