స్కాన్‌లో మచ్చ కనిపిస్తే గీకేయడమేనా?

మొన్న శ్రీనగర్ కాలనీలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర ఒకావిడ పై ఫ్లాటు కోడలికి చెబుతోంది: "ఇంకా ముక్క ఉందన్నారుగా, ఒక్కసారి కడిగించేసుకోమ్మా, పీడ విరగడైపోతుంది." ఆ అమ్మాయికి మూడో నెలలో కడుపు పోయి పది రోజులే అయింది. చేతిలో అమీర్‌పేటలో తీయించిన స్కాన్ రిపోర్టు. గర్భసంచి లోపలి పొర మందం అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. జ్వరం లేదు, దుర్వాసన లేదు, రక్తస్రావం రోజురోజుకీ తగ్గుతోంది. అయినా మర్నాటికే డీ అండ్ సీ, అంటే గర్భసంచి లోపల గీకే ఆపరేషన్, రాసేశారు.

ఎవరు చెప్పారండీ, మందంగా కనిపించిందల్లా మాయ ముక్కేనని? గర్భం పోయిన కొత్తలో గడ్డకట్టిన రక్తమూ అలాగే కనిపిస్తుంది. కలర్ డాప్లర్‌లో అక్కడికి రక్తం పారుతోందేమో చూస్తే అనుమానం కొంత తీరుతుంది, పూర్తిగా తీరదు. మనిషి బాగానే ఉంటే వారం రెండు వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఆ ఓపిక డాక్టరుకు లేదు, అత్తగారికి అసలే లేదు. లోపల శుభ్రమైతే మళ్లీ నెల తప్పుతుందని ఆవిడ తొందర. కడుపు పోయిన పిల్లకు ఏడవడానికి పది రోజులైనా ఇవ్వని ఇళ్లు!

అతిగా గీకితే గర్భసంచి గోడలు అతుక్కుపోవచ్చని, నెలసరి ఆగిపోవచ్చని, మళ్లీ గర్భం నిలవడమే కష్టం కావచ్చని గైనకాలజిస్టు జోసెఫ్ ఆషర్‌మన్ 1950 నాటికే రాశాడు. లోహపు క్యూరెట్‌తో గీకడం మాని వాక్యూమ్‌తో పీల్చి తీయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. మూడు నెలల్లోపు సగంలో ఆగిన గర్భస్రావానికి డాక్టరు పర్యవేక్షణలో మిసోప్రొస్టాల్ మాత్రలు 600 మైక్రోగ్రాములు మింగితే చాలా మందికి సరిపోతుంది. పట్టుకుని వదలని ముక్కను హిస్టెరోస్కోపీతో, అంటే గర్భసంచిలోకి కెమెరా పంపి, కళ్లారా చూస్తూ తీయొచ్చు. ఇన్ని దారులుండగా కళ్లు మూసుకుని గీకడమేమిటి?

"ఇన్ఫెక్షన్ వస్తే?" అంటారు. వచ్చాక ఆగమని ఎవరన్నారు? గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు తడిసినా, జ్వరమొచ్చినా, కళ్లు తిరిగినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. కడుపు పోయినప్పుడే కాదు, కాన్పయ్యాక అరగంటకీ మాయ పడకపోయినా అంతే. "పచ్చి బాలింతకు మామూలే" అని మంచాన పడుకోబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మా, ఆ టేబులెక్కే ముందు అడుగు: "నాకిది ఎందుకు? ఆగితే ముప్పేమిటి? పీల్చి తీస్తారా, గీకి తీస్తారా?" జవాబు చెప్పని చోట సంతకం పెట్టకు.