పెరట్లో కొలను... నీళ్లెక్కడివి?

తిరుపతిలో కొత్తగా ఇల్లు కడుతున్నారా? పెరట్లో ఈతకొలను, పక్కనే చుట్టాలతో కబుర్లాడుకునే అరుగు... ముచ్చటే! గుంత తవ్వేముందు మాత్రం లెక్క వేయండి. 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 4 లోతుకే దాదాపు 22,600 లీటర్లు కావాలి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర! ఎండాకాలంలో రోజుకు వంద లీటర్లదాకా ఆవిరైపోతుంది. బోర్లు ఎండిపోయే మన సీమలో ఇది చిన్న మాట కాదు. అందుకే వడపోత యంత్రం, పైన కప్పే పట్టా మొదటిరోజే లెక్కలో రాసుకోండి. అక్టోబరు నుంచి పడే ఈశాన్య రుతుపవనాల వాననీటిని డాబా మీదినుంచి ఇంకుడుగుంతలోకి మళ్లించండి. అన్నిటికన్నా ముఖ్యం... చుట్టూ 4 అడుగుల కంచె, తాళం పడే గేటు. పసిపిల్లలకు అడుగు లోతైనా ప్రమాదమే. కంచెకు డబ్బు చాలదంటారా? అయితే ఈ ఏటికి అరుగు కట్టుకోండి, కొలను తర్వాత చూద్దాం!