సంఘం పేరు ఆ కరపత్రం మీద వద్దు: సాంకీ రోడ్డు పాత గోల్ఫ్ కోర్సు చెప్పే సంగతి

ఈ పోస్టు కొంచెం పొడుగు. ఓపిక లేనివాళ్ళు చివరి మూడు పేరాలు చదివినా చాలు, వచ్చే ఆదివారం మీటింగులో చెయ్యెత్తాల్సింది వాటి గురించే.

ఉగాది రోజు పులిహోర కౌంటరు పక్కన వేసిన స్టాలు అందరూ చూసే ఉంటారు. పచ్చటి చాప పరిచి, చివర చిన్న గుంత పెట్టి, పిల్లల చేతికి కర్రలిచ్చి బంతి కొట్టించారు. పిల్లలు వరసలో నిలబడితే పెద్దల చేతికి కరపత్రాలు వచ్చాయి. 'గోల్ఫ్ వ్యూ' సైట్లు, గోల్ఫ్‌కి ఎదురుగా విల్లాలు, ఇరవై మంది కలిసి బుక్ చేస్తే తగ్గింపు. అంతవరకు వ్యాపారం. కానీ కరపత్రం అడుగున మన సంఘం పేరు, మన సంఘం బొమ్మ ఎందుకున్నాయి? కార్యక్రమం ఖర్చులో కొంత వాళ్ళు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ రోజు మాలో ఒకరు ఆ స్టాలు కుర్రాణ్ణి అడిగారు: "ఊళ్ళో సాంకీ రోడ్డు మీద ఎప్పటిదో గోల్ఫ్ క్లబ్బు ఉంది కదా బాబూ, దానికీ దీనికీ తేడా ఏంటి?" అతను నవ్వి, "అది ఓల్డ్ సార్, చిన్నది. ఛాంపియన్‌షిప్ కోర్సు కాదు. మాది 7,200 గజాలు" అన్నాడు. చుట్టూ ఉన్న మనవాళ్ళు తలూపారు. రెండో రోజుకి ఆ మాట మనవాళ్ళ నోటే వినిపించింది. పాతది, చిన్నది, కాబట్టి పనికిరానిది. మా గొడవంతా ఈ 'కాబట్టి'తోనే.

మేమంటే ఎవరో మీకు తెలుసు. ప్రతి మీటింగులో వెనక వరసలో కూర్చుని అడ్డుప్రశ్నలేసే బ్యాచి. మాలో ఇద్దరికి ఆట కొద్దిగా వచ్చు, మిగతావాళ్ళకి చూసే పిచ్చి. మా వాళ్ళలో ఒకరి కంపెనీ పెద్దాయన పుణ్యాన ఒకసారి అతిథులుగా ఆ పాత మైదానం మొత్తం నడిచి చూశాం. ఈ జన్మలో మాకు అక్కడ సభ్యత్వం దొరకదు, అడిగే ధైర్యం కూడా లేదు. అందుకే ఇందులో మా స్వార్థం లేదని నమ్మండి.

బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు పుట్టింది 1876లో. కలకత్తాలో 1829లో మొదలైన క్లబ్బు దేశంలోకెల్లా పాతది, ఆ తర్వాత చెప్పుకునే కొద్దిపాటి పాత క్లబ్బుల్లో ఇదొకటి. పక్కనున్న సాంకీ చెరువు తవ్వింది 1882లో. అంటే చెరువు కన్నా క్లబ్బు ఆరేళ్ళు పెద్దది. విధాన సౌధ కన్నా ఎనభై ఏళ్ళు పెద్దది. విండ్సర్ హోటలు ముందున్న రోడ్డుకి గోల్ఫ్ కోర్స్ రోడ్డు అని పేరొచ్చింది దీనివల్లే. ఊరు పెరిగి పెరిగి నాలుగు వైపులా మీదికొచ్చినా, మధ్యలో పద్దెనిమిది హోల్స్ అలాగే ఉన్నాయి. వాహనాల మీద బంతులు పడకుండా ఎత్తైన వలలు కట్టుకుని, బస్సుల హారన్ల మధ్య ఆడతారు. విశాఖవాళ్ళకి ఇది కొత్త కాదు, అక్కడి ఈస్ట్ పాయింట్ క్లబ్బు కూడా 1884 నాటిది. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

చిన్నదన్నారు. నిజమే, చిన్నదే. అయితే చిన్నప్పుడు మనం వీధిలో క్రికెట్ ఆడలేదా? ఎదురింటి గోడకి తగిలితే రెండు, డాబా మీద పడితే అవుట్, మావయ్యగారి కిటికీ వైపు కొడితే ఆట బందు. ఆ పది గజాల సందులో ఆడినవాడికి వచ్చిన చేతివాటం పెద్ద గ్రౌండులో గుడ్డిగా బాదేవాడికి వస్తుందా? ఆ పాత కోర్సు కూడా సరిగ్గా అంతే. ఇరుకైన దారి, రెండు పక్కలా ముదురు చెట్లు, చివర్లో చిన్న గ్రీన్. బలమున్న కుర్రాడు పెద్ద కర్ర తీసి బలంగా బాదితే బంతి చెట్లలోకి పోతుంది. మేం చూస్తుండగానే మాలో ఒకరి కుర్రాడు నాలుగు బంతులు పోగొట్టుకున్నాడు. అక్కడే డెబ్భై దాటిన ఒక పెద్దాయన ప్రతిసారీ చిన్న కర్రతో నూటయాభై గజాలు కొట్టి, మధ్యలో పెట్టి, మళ్ళీ అదే పని చేసి, మావాడి కన్నా తక్కువ దెబ్బల్లో ముగించాడు. ఎక్కడ కొట్టాలో కన్నా ఎక్కడ కొట్టకూడదో తెలియడం ముఖ్యమని ఆ మైదానం నేర్పుతుంది. చూడగానే అబ్బా అనిపించదు. రెండోసారి నడిస్తేనే గుట్టు బయటపడుతుంది.

ఇది మా ఊహ కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద ఆటగాళ్ళకే అయిన అనుభవం. స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సుకి 1921లో బాబీ జోన్స్ అనే అమెరికా కుర్రాడు వెళ్ళాడు. పదకొండో హోల్ దగ్గర ఇసుక గుంటలో పడి, బయటికి రాలేక, విసిగి పోటీలోంచే తప్పుకున్నాడు. ఇదేం మైదానం అనుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత 1927లో అక్కడే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, 1930లో మళ్ళీ అక్కడే అమెచ్యూర్ టైటిల్ గెలిచాడు. 1958లో ఆ ఊరు అతణ్ణి పిలిచి తమ పౌరుడిగా గౌరవించింది. మొదటి చూపులో తిట్టిన నేలనే జీవితాంతం ప్రేమించాడు.

మరి 7,200 గజాల సంగతి. అమెరికాలో మెరియన్ అనే పాత కోర్సు ఉంది. 2013లో యూఎస్ ఓపెన్ అక్కడ పెడుతున్నారంటే, ఏడు వేల గజాలు కూడా లేని ఈ పొట్టి మైదానాన్ని ఈ కాలం ఆటగాళ్ళు నమిలి పారేస్తారని చాలామంది అన్నారు. పోటీ ముగిసేసరికి గెలిచిన జస్టిన్ రోజ్ పార్ కన్నా ఒక దెబ్బ ఎక్కువే ఆడాడు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళలో ఒక్కడు కూడా పార్ కిందికి దిగలేదు. (పార్ అంటే మంచి ఆటగాడు ఇన్ని దెబ్బల్లో ముగించాలని వేసిన లెక్క.) కాబట్టి గజాల లెక్క చెప్పి కోర్సు గొప్పదనేవాడికి, రీళ్ళ లెక్క చెప్పి సినిమా గొప్పదనేవాడికి పెద్ద తేడా లేదు.

అసలు కోర్సు బాగుందో లేదో మాలాంటి సగం తెలిసినవాళ్ళు కూడా పట్టగలిగే గుర్తు ఒకటుంది. ఒక హోల్ ముగిసిన గ్రీన్ నుంచి తర్వాతి హోల్ మొదలయ్యే చోటికి ఎంత దూరమో చూడండి. పాతవాటిలో అది పదిహేను ఇరవై అడుగులు నడిస్తే వచ్చేస్తుంది, ఎందుకంటే వాటిని నడిచే మనుషుల కోసం వేశారు. ఆ కరపత్రంలోని మ్యాపు తీసి చూడండి. గ్రీన్ ఒకచోట ముగిస్తే, రెండు వరసల విల్లాలు దాటి, రోడ్డు దాటి, క్లబ్ హౌస్ చుట్టి తర్వాతి హోల్ మొదలవుతుంది. బ్యాటరీ బండి లేకపోతే ఆట లేదు. ఎందుకలా? ఎక్కువ సైట్లకి 'వ్యూ' రావాలని దారిని పాములా మెలికలు తిప్పారు కాబట్టి. అది గోల్ఫ్ కోసం వేసిన మ్యాపు కాదు, సైట్ల కోసం వేసినది.

మన జిగణిలో సగం మంది అన్నం తినేది గ్రానైట్ మీద. చీమకుర్తి నుంచి వచ్చిన బ్లాకు కోసి, పాలిష్ పట్టి అమ్మేవాళ్ళకి మేం కొత్తగా చెప్పేదేముంది? మెరుపు చూసి స్లాబు కొనేవాణ్ణి మీరే నవ్వుతారు. వెనక్కి తిప్పి చూడాలి, రెసిన్ పూసి కప్పిన పగులు ఎక్కడుందో వేలితో తడిమి చూడాలి. సైటు దగ్గరికొచ్చేసరికి ఆ వేలు ఏమైంది అన్నా?

ఆ పగులు పేరు నీళ్ళు. 2024 వేసవి మరిచిపోయారా? తాగే నీళ్ళతో కారు కడిగినా మొక్కలకి పోసినా ఐదు వేల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. మన వీధుల్లో ట్యాంకర్ల కోసం రాత్రి పన్నెండింటికి మేలుకుని కూర్చున్నాం. వందకు పైగా ఎకరాల పచ్చగడ్డి ఎండాకాలంలో రోజుకి లక్షల లీటర్లు తాగుతుంది. పది లక్షలే అనుకుందాం. పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై మూడు! ఒక్క రోజుకి! శుద్ధి చేసిన మురుగునీరు వాడొచ్చు, మంచి పద్ధతే. కానీ ఇంకా ఇళ్ళే కట్టని లేఅవుట్‌లో మురుగునీరు ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి పదేళ్ళు బోర్లే. ఆనేకల్ తాలూకాలో బోరు వేసినవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు, ఎన్ని అడుగులకి తడి తగిలిందో వాళ్ళే కింద రాయాలి.

సైట్లన్నీ అమ్ముడుపోయాక ఆ గడ్డిని ఎవరు కోయిస్తారు? అమెరికాలో ఇళ్ళు అమ్ముకోడానికి గోల్ఫ్ కోర్సులు విపరీతంగా వేశారు. 2006 నుంచి చాలా ఏళ్ళపాటు అక్కడ తెరిచిన వాటికన్నా మూసినవే ఎక్కువ. గోల్ఫ్ వ్యూ అని అదనంగా డబ్బు పోసి కొన్నవాళ్ళకి చివరికి పిచ్చి మొక్కల వ్యూ మిగిలింది, కోర్టు ఖర్చులు మిగిలాయి. అక్కడున్న మన పిల్లల్ని అడగండి.

ఇప్పుడు మామీదికి వచ్చే ప్రశ్న మాకు తెలుసు. "మీరు మెచ్చుకునే క్లబ్బు మాత్రం ఏం తక్కువ? దొరలు పెట్టింది, ఊరి నడిబొడ్డున డబ్బున్నవాళ్ళ కోసం ఉన్నది." కాదనం. ఇంకా ఘోరం మేమే చెబుతాం. ఆ క్లబ్బు మొదలైన 1876 అంటే ధాత నామ సంవత్సరం. రాయలసీమలో, మైసూరు రాజ్యంలో లక్షల మందిని మింగిన కరువు మొదలైన ఏడాది. దొరలు బంతి కొట్టుకుంటున్నప్పుడు మన ముత్తాతలు గంజి కేంద్రాల ముందు నిలబడ్డారు. దాన్ని తుడిచేయలేం. కానీ నూటయాభై ఏళ్ళలో చెట్లు పెరిగాయి, ఊరికి కాస్త ఊపిరి మిగిలింది. మంచి మైదానం అందరిదీ కావడం అసాధ్యమేమీ కాదు. సెయింట్ ఆండ్రూస్ ఇప్పటికీ ఊరి ఉమ్మడి నేల. ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని, పిల్లల్ని తీసుకుని మైదానం మీద నడుస్తారు. ఇక్కడ కూడా నెలకో ఆదివారం గేటు తెరిస్తే ఎంత బావుండు. దానికి మనలాంటి సంఘాలు అర్జీ పెట్టాలి. అలాంటి పని మానేసి కరపత్రం పంచుతున్నాం.

ఆట పెద్దవాళ్ళదే అనుకునేవాళ్ళకి ఇంకో మాట. 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సి. మునియప్ప బెంగళూరులో క్యాడీగా మొదలైనవాడు, అంటే ఇంకొకరి కర్రల సంచి మోసినవాడు. చిక్కరంగప్ప బిడది దగ్గర పల్లెటూరి పిల్లవాడు, గోల్ఫ్ కోర్సులో బంతులేరుతూ ఆట నేర్చుకున్నాడు. నిజం చెప్పాలంటే చిక్కరంగప్ప నేర్చుకున్న ఈగల్‌టన్ విల్లాలున్న కోర్సే. మా వాదనకి అది అడ్డొస్తుంది, ఒప్పుకుంటున్నాం. విల్లాల కోర్సులన్నీ చెడ్డవని మేం అనడం లేదు. ఇంకా గడ్డి మొలవని నేలని చూపించి, నూటయాభై ఏళ్ళుగా ఆట నడుస్తున్న నేలని పనికిరానిదని చెప్పి, మధ్యలో మన సంఘం పేరుని సాక్షిగా నిలబెట్టడాన్నే అడుగుతున్నాం.

మీ డబ్బు, మీ ఇష్టం. ఎవరైనా కొనుక్కోవచ్చు, గృహప్రవేశానికి పిలిస్తే భోజనానికి వస్తాం. కానీ సంఘం పేరు చూసి నమ్మేది మనం కాదు. మొన్న కొత్తగా చేరిన ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, పీఎఫ్ తీసి సైటు కొందామనుకునే అక్క, ఊళ్ళో ఎకరం అమ్మి కొడుక్కి విల్లా కొనివ్వాలనుకునే తండ్రి. రేపు తేడా వస్తే వాళ్ళు వచ్చి నిలదీసేది ఆ కంపెనీని కాదు, కార్యదర్శి గారి ఇంటి గేటు దగ్గరే నిలబడతారు.

అందుకని ఆదివారం మేం రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ఆ కరపత్రం మీంచి సంఘం పేరు, బొమ్మ తీయించాలి, ఉగాదికి వాళ్ళు పెట్టిన ఖర్చు మనం చందాలేసుకుని తిరిగిచ్చెయ్యాలి. మా నలుగురి వాటా ఇప్పటికే కోశాధికారి గారికి పంపాం. రెండు, ఇకమీదట ఎవరు స్టాలు పెట్టినా కమిటీ ముందే కాగితాలు అడగాలి. రెరా నంబరు, భూమి పత్రాలు, గడ్డికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారో సంతకంతో రాసిన కాగితం.

మీటింగు పదింటికి, ఏపీసీ సర్కిల్ దగ్గర ఎప్పుడూ కలిసే హాల్లోనే. కరపత్రం ఇంట్లో ఉంటే పారెయ్యకండి, మ్యాపు ఉన్న వైపు మడతపెట్టి తీసుకురండి. స్కేలు మేం తెస్తాం.