ఆ నాలుగు రోజులు, ఆగిపోయిన చదువు



మీరు బడి మానేసిన ఏడాది గుర్తుందా? ఎందుకు మానేశారని అడిగితే ఏం చెబుతారు? ఇంట్లో డబ్బు లేదనో, తమ్ముణ్ణి చూసుకోవాల్సి వచ్చిందనో, బడి దూరమనో, పెళ్ళి చేశారనో చెబుతారు. అవన్నీ నిజాలే. కాని చాలామంది ఆడపిల్లల విషయంలో పైకి చెప్పని కారణం మరొకటి ఉంటుంది. అది నెలసరి. దాని గురించి నా అభిప్రాయం ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. ఒప్పుకోవాలో కాదనాలో చదివి మీరే తేల్చుకోండి.

ముందు మన మాటలనే చూడండి. ముట్టు, బహిష్టు, నెలసరి అనే పేర్లున్నా ఇంట్లో వాటిని పలకం. "బయట చేరింది" అంటాం. చిన్నపిల్లలు అడిగితే "కాకి ముట్టుకుంది" అని చెప్పి పంపేస్తాం. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మాత్రం చాలా ఇళ్ళలో చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, పేరంటం పిలుస్తాం. పందిరి వేసి ఫొటోలు తీయించేవారూ ఉన్నారు. అలా ఊరంతటికీ తెలిసిన సంగతే మరుసటి నెలకు రహస్యమైపోతుంది. బట్ట ఎక్కడ ఆరేసుకోవాలో, బడిలో ఎలా మార్చుకోవాలో ఆ పిల్లకు చెప్పేవారుండరు.

ఇప్పుడు ఢిల్లీ వైపు ఒక ఊరి సంగతి చూద్దాం. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్ జిల్లా జాతీయ రాజధాని ప్రాంతంలోకి వస్తుంది. ఆ జిల్లాలో కాఠీఖేడా అనే పల్లె ఉంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో ఓక్‌వుడ్ అనే బడి విద్యార్థినులు, మెలిస్సా బెర్టన్ అనే తమ ఉపాధ్యాయురాలితో కలిసి విరాళాలు పోగుచేసి, ఆ పల్లెకు ప్యాడ్లు తయారుచేసే యంత్రాన్ని సమకూర్చారు. ఆ యంత్రాన్ని రూపొందించింది కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగనాథం. 1976 నుంచి ఢిల్లీలో స్త్రీల కోసం పనిచేస్తూ వచ్చిన యాక్షన్ ఇండియా సంస్థ తోడు నిలిచింది. ఊరి ఆడవాళ్ళే 'ఫ్లై' అనే పేరుతో ప్యాడ్లు చేసి అమ్మారు. ఈ కథతో తీసిన 'పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్.' అనే లఘుచిత్రానికి 2019లో ఆస్కార్ బహుమతి వచ్చింది.

ఆ పేరును గమనించండి. ఆంగ్లంలో 'పీరియడ్' అంటే నెలసరి. వాక్యం చివర పెట్టే చుక్కను కూడా అలాగే అంటారు. 'సెంటెన్స్' అంటే వాక్యం, శిక్ష కూడా. ఆ చిత్రంలో పీరియడ్ అంటే ఏమిటని అడిగితే, బడిలో గంట కొట్టే పీరియడ్ అనుకున్న కుర్రవాళ్ళున్నారు. బట్ట మార్చుకోవడం కష్టమై చదువు మానేసిన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఈ కథ విని కొందరు, "మన ఆడపిల్లల సంగతి ఎక్కడో అమెరికా వాళ్ళకెందుకు?" అంటారు. మరికొందరు, "ఊరికో యంత్రం పంపిస్తే సరిపోతుంది" అంటారు. ఈ రెండు మాటలతోనూ నేను ఏకీభవించను. కష్టం తెలిసి చేయి చాచినవారు ఎక్కడివారైనా మనవారే. అయితే దూరం నుంచి వచ్చినవారు డబ్బు ఇవ్వగలరు, యంత్రం ఇవ్వగలరు. పక్కింటి అత్తను ఒప్పించడం వారి వల్ల కాదు. ఇల్లిల్లూ తిరిగి, సిగ్గు పడుతూనే నోరు విప్పింది ఆ ఊరి ఆడవాళ్ళే. కాబట్టి సేవ కోసం పరాయి దేశం వెళ్ళే మన యువతీ యువకులకు నేను చెప్పేది ఒకటే. సంచిలో ప్యాడ్లు నింపుకునే ముందు అక్కడివారిని అడగండి. వారికి కావలసింది ప్యాడ్లే కావచ్చు. నీళ్ళు కావచ్చు, గొళ్ళెం ఉన్న మరుగుదొడ్డి కావచ్చు, వాడినవి పారవేసే చోటు కావచ్చు.

ఢిల్లీలోనే 1999లో అన్షు గుప్తా ప్రారంభించిన గూంజ్ సంస్థ ఉంది. నగరాల్లో వాడి పక్కన పడేసిన నూలుబట్టలను శుభ్రం చేసి, వాటితో ప్యాడ్లు కుట్టి పల్లెలకు పంపే పని చేపట్టింది. దానధర్మాలంటే చీరలు, దుప్పట్లు గుర్తొచ్చే మనకు ఈ అవసరం తట్టదు. బట్ట వాడడం తప్పు కాదు. సబ్బుతో ఉతకకుండా, సిగ్గుతో చీకటి మూలలో ఆరేసిన బట్టతోనే ముప్పు. దాన్ని ఎండలో ఆరేయాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. 2011లో ఆశా కార్యకర్తల ద్వారా పల్లెల్లో ఆరు ప్యాడ్లు ఆరు రూపాయలకు ఇచ్చే పథకం మొదలైంది. 2019లో జన ఔషధి దుకాణాల్లో ఒక్కో ప్యాడ్ ధర రూపాయికి తగ్గించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో బడి పిల్లలకు ఉచితంగా ఇచ్చే 'స్వేచ్ఛ' పథకం ప్రారంభించారు. 15–24 ఏళ్ళ స్త్రీలలో శుభ్రమైన పద్ధతులు వాడేవారు 2015–16లో 57.6 శాతం ఉండగా, 2019–21 నాటికి 77.3 శాతానికి పెరిగారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే అప్పటికి ఇంకా నలుగురిలో ఒకరికి దగ్గరగా మిగిలే ఉన్నారు. వస్తువు దుకాణంలో ఉన్నా, అడగడానికి నోరు రాకపోతే ఏం లాభం?

అందుకే మీతో చెబుతున్నాను. బడి మానడం అంటే ఏమిటో మీకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. మీ అమ్మాయికి, చెల్లెలికి ముట్టు రాకముందే దాని సంగతి చెప్పండి. నొప్పి భరించలేనంతగా ఉన్నా, రక్తం మరీ ఎక్కువగా పోయినా దాచుకోకుండా డాక్టరుకు చూపించండి. అన్నలారా, తండ్రులారా! దుకాణంలో ఆ పొట్లాన్ని మీరే అడిగి కొనండి. పాత పేపరులో చుట్టి ఇవ్వబోతే వద్దనండి. ఈ సేవకు విమానం టికెట్టు అక్కరలేదు.

ఆలోచించి రాయండి

1. బయటివారి సాయం గురించి రచయిత అభిప్రాయం ఏమిటి? మీరు ఒప్పుకుంటారా? ఎందుకు?
2. మీ ఊరి బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళు, గొళ్ళెం ఉన్నాయా? చూసి, నాలుగు వాక్యాలు రాయండి.
3. నెలసరికి మీ ప్రాంతంలో వాడే మాటలు సేకరించండి. అవి దేన్ని దాస్తున్నాయో చెప్పండి.