దారి వేసినవాడే ముందు నడవాలి

తెర మీద నీలాకాశం. అడుగున ఇటుకరంగు నేల. ఎడమవైపున ఎర్రటోపీ, గుబురు మీసాలు గల ఒక పొట్టి మనిషి నిలబడి ఉంటాడు. అతనికి కుడివైపున విశాలమైన ఖాళీ జాగా ఉంటుంది. ఏమి చేయాలో చెప్పే వాక్యం తెర మీద ఒక్కటీ లేదు. అయినా ఆటకు కూర్చున్న పిల్లవాడు, అంతకు పూర్వం వీడియో ఆట ఎరుగనివాడైనా సరే, ఆ మనిషిని కుడివైపుకే నడిపిస్తాడు. ఎడమవైపుకు నడిపించి చూసినా నష్టమేమీ లేదు. తెర అంచు అతణ్ణి ఆపి, దారి ఇటు కాదని తెలియజేస్తుంది.

1985 సెప్టెంబరు 13న జపానులో విడుదలైన 'సూపర్ మారియో బ్రదర్స్' అనే ఆటలో మొట్టమొదటి ఘట్టం ఇలా ఆరంభమవుతుంది. కాలక్రమాన ఆ ఆట ప్రతులు నాలుగు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. వీడియో ఆటల పరిభాషలో ఇటువంటి ఘట్టాన్ని 'లెవెల్' అంటారు. అది సుదీర్ఘ ప్రయాణంలో ఒక మజిలీ వంటిది. ఎక్కడ నేల ఉండాలి, ఎక్కడ గొయ్యి ఉండాలి, శత్రువు ఎంత దూరాన ఎదురుపడాలి, నిధి ఏ మూల దాగి ఉండాలి అన్న విషయాలను నిర్ణయించి ఆ మజిలీని కూర్చడం ఒక ప్రత్యేకమైన విద్య. బొమ్మలు గీయడం వేరు, ఈ కూర్పు వేరు. ఇందులో కట్టడాలు కట్టేవాని లెక్క, కథ చెప్పేవాని నేర్పు, పాఠం చెప్పేవాని ఓర్పు మూడూ కలిసి ఉంటాయి. వీడియో ఆటలను కాలక్షేపంగా మాత్రమే ఎరిగినవారికి, వాటిని ప్రాణప్రదంగా ప్రేమించేవారు అందులో ఏమి చూసి మురిసిపోతున్నారో అంతుపట్టదు. ఆ ప్రేమకు మూలం చాలావరకు ఈ కూర్పులోనే ఉంది.

ఆ మొదటి ఘట్టాన్నే నిదానంగా పరిశీలిస్తే విషయం బోధపడుతుంది. నాలుగడుగులు వేయగానే గాలిలో ప్రశ్నార్థకం ముద్రించిన పెట్టె ఒకటి మెరుస్తూ కనిపిస్తుంది. అంతలో కనుబొమలు ముడిచిన గూంబా అనే జీవి ఎదురు నడిచి వస్తుంది. అది తాకితే ప్రాణం పోతుంది. పోయినా చింత లేదు. ప్రయాణం అప్పుడే మొదలైంది కనుక వృథా అయినవి కొన్ని క్షణాలు మాత్రమే. రెండవసారి ఆటగాడు ఎగురుతాడు. ఎగిరి శత్రువును దాటిపోవచ్చు. దాని నెత్తిన పడి అణచివేయవచ్చు. తల పెట్టెకు తగిలి నాణెం దొరకవచ్చు. ఏది జరిగినా లాభమే. తప్పించుకుంటే చాలుననుకున్నవానికి కొత్త సంగతి ఒకటి తెలిసివచ్చింది.

ఆ తరువాత వచ్చే పెట్టెల వరుసలో ఒకదానిని కొడితే పుట్టగొడుగు పైకి లేస్తుంది. గూంబా ఆకారం కూడా ఇంచుమించు అటువంటిదే కనుక కొత్తవాడు దీనిని చూసి బెదరడం సహజం. పుట్టగొడుగు మొదట కుడివైపుకు జారిపోతుంది. కిందపడి, అక్కడ నిలిచి ఉన్న గొట్టానికి తగిలి వెనుదిరిగి అతని మీదికే వస్తుంది. ఎగిరి తప్పించుకోబోతే పైనున్న ఇటుకలు తలకు తగిలి అతణ్ణి కిందికి తోస్తాయి. చాలాసార్లు అతడు దానిని తాకక తప్పదు. తాకగానే ఆ పొట్టి మనిషి పెద్దవాడవుతాడు. శాపమని భయపడినది వరమని అప్పుడు తేలుతుంది.

ఘట్టం ముగింపుకు వచ్చేసరికి రెండు జతల మెట్లు ఎదురవుతాయి. ఒక వరుస మెట్లెక్కి, నడుమ ఖాళీని దూకి, అవతలి మెట్ల మీదికి చేరాలి. మొదటి జత నడుమ గట్టి నేల ఉంది. దూకడంలో పొరపాటు జరిగినా పడేది ఆ నేలమీదనే. ఆ వెంటనే వచ్చే రెండవ జత నడుమ నేల లేదు, గొయ్యి ఉంది. దూకవలసిన తీరు అదే. తప్పితే మాత్రం ఈసారి ప్రాణం పోతుంది. ముందు నేర్పాలి, తరువాతనే పరీక్షించాలి అన్న న్యాయాన్ని ఈ మెట్లు పాటిస్తున్నాయి. తాను పాఠం విన్నానని ఆటగానికి తెలియదు. తనంతట తానే కనిపెట్టానని మురిసిపోతాడు.

ఈ ఘట్టాలను కూర్చినవారు షిగెరు మియమోతో, ఆయన సహచరుడు తకాషి తెజుకా. మియమోతో 1952లో క్యోటో నగరానికి సమీపంలోని సోనోబెలో జన్మించారు. చిన్ననాడు ఆ చుట్టుపట్ల కొండల్లో, అడవుల్లో తిరగడమంటే ఆయనకు ఎంతో ఇష్టం. ఒకనాడు ఒక గుహ కంటబడింది. లోపలికి పోవడానికి మొదట ధైర్యం చాలలేదు. మరొకనాడు లాంతరు చేతబట్టి ప్రవేశించారు. చీకటిలో అడుగు పెట్టేముందు కలిగిన జంకు, పెట్టిన తరువాత కలిగిన పులకింత ఆయన మనసులో నిలిచిపోయాయి. 1977లో ఆయన నింటెండో సంస్థలో చేరారు. 1889లో క్యోటోలో పువ్వుల బొమ్మల పేకముక్కలు తయారుచేయడానికి వెలసిన సంస్థ అది.

మియమోతో, తెజుకా గళ్ళ కాగితాల మీద గడి గడికీ లెక్కకట్టి ఘట్టాలను గీసేవారు. మొత్తం ఘట్టాలు 32. అవన్నీ, వాటితోపాటు ఆట యావత్తూ, 40 కిలోబైట్లలో ఇమడాలి. నేడు చేతిఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రం అంతకు ఎన్నో రెట్ల స్థలం ఆక్రమిస్తుంది. చోటు చాలక ఆకాశంలోని మబ్బుకు, నేలమీది పొదకు ఒకటే బొమ్మ వాడారు. తెల్లరంగు పడితే మబ్బు, ఆకుపచ్చ పడితే పొద. అంత ఇరుకులోనూ మొదటి మజిలీ కోసం వారు తీసుకున్న శ్రద్ధ అపారమైనది. తరువాతి ఘట్టాలు రూపు దిద్దుకొన్న పిమ్మటనే మొదటి ఘట్టాన్ని కూర్చడం తమ పద్ధతి అని మియమోతో వివరించారు. ముందు ముందు ఏమి అడగబోతున్నామో తెలిసినప్పుడే కదా, మొదట ఏమి నేర్పాలో తెలిసేది!

ఈ న్యాయం విలువ తెలియాలంటే మన వైకుంఠపాళితో పోల్చి చూడవచ్చు. జాగరణ రాత్రులలో ఇంటిల్లిపాదీ ఆడుకొనే ఆ పటంలోనూ నిచ్చెనలున్నాయి, పాములున్నాయి, చేరవలసిన గమ్యమున్నది. కాని పెద్దపాము నోటబడినవాడు తన పొరపాటు వల్ల పడడు. గవ్వలు అలా పడ్డాయి కనుక పడతాడు. పుణ్యపాపాల ఫలాన్ని తెలియజెప్పడానికి ఆ పద్ధతి తగినదే. మారియో ఆటలో గవ్వలు లేవు. గోతిలో పడినవానికి తాను ఎందుకు పడ్డాడో తెలుసు. ఒక్క క్షణం ముందు ఎగిరి ఉంటే పడేవాడు కాడనీ తెలుసు. అందుకే విసుగుపడక మళ్ళీ మొదలు పెడతాడు.

ఆట స్వరూపం మారినా ఈ నమ్మకం మారలేదు. 1986లో మియమోతో, తెజుకా వెలువరించిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' ఆటలో తొలి దృశ్యంలోనే ఒక గుహద్వారం కనిపిస్తుంది. లోపలికి పొమ్మని ఎవరూ చెప్పరు. పోనివాడు ఆయుధం లేకుండానే అడవిలో తిరుగుతాడు. పోయినవానికి లోపల ఉన్న వృద్ధుడు ఖడ్గం ఇస్తాడు. సోనోబె బాలుని లాంతరు అక్కడ మళ్ళీ వెలిగింది. 2011లో హిదెతకా మియజాకి దర్శకత్వంలో వచ్చిన 'డార్క్ సోల్స్' కఠినమైన ఆటగా పేరుపడింది. అందులో ఆటగాడు ఆరంభంలో ఒక శిథిలాలయం వద్ద చలిమంట పక్కన సేదదీరి, కోటలోకి ఎక్కిపోతాడు. అడుగడుగునా చచ్చి బతుకుతూ చాలా దూరం వచ్చానని అనుకొంటాడు. అప్పుడు ఒక లిఫ్టు కనిపిస్తుంది. ఎక్కితే అది కిందికి దిగి దిగి, మొదటి చలిమంట పక్కనే ఆగుతుంది. ఎంతో దూరాన ఉన్నదనుకొన్న ఇల్లు కాళ్ళ కిందనే ఉన్నదని తెలిసిన క్షణాన కలిగే నెమ్మదిని ఆటగాళ్ళు ఏళ్ళు గడిచినా మరువరు. పుట్టి పెరిగిన ఊళ్ళో సందుగొందులు గుర్తున్నట్లు వారికి ఆ కోట మెట్లు గుర్తుంటాయి.

నమ్మకం ఉన్నచోట దానిని వమ్ముచేసే ప్రలోభమూ ఉంటుంది. 1986 జూన్‌లో జపానులో మారియో ఆటకు రెండవ భాగం వచ్చింది. మొదటి ఆటలో ఆరితేరినవారిని ఉద్దేశించి చేసినది అది. అందులో పుట్టగొడుగు వంటిదే ఇంకొకటి ఉంది. తాకితే హాని చేసే విషపు పుట్టగొడుగు. మొదటి ఆటలో ముందుకు తీసుకుపోయే అడ్డదారులుండేవి. ఇందులో కొన్ని అడ్డదారులు ఆటగాణ్ణి వెనుకకు, మొదటి లోకానికి పంపివేస్తాయి. మొదటి ఆట నేర్పిన పాఠాన్నే రెండవది ఉచ్చుగా మార్చింది. దీనిని ఇష్టపడినవారు లేకపోలేదు. కాని అమెరికాలోని నింటెండో శాఖవారు ఇది మితిమీరి కఠినమని భావించి, ఆనాడు తమ దేశంలో విడుదల చేయలేదు. 1993లోగాని అది 'లాస్ట్ లెవెల్స్' అనే పేరుతో అక్కడికి చేరలేదు. కష్టమైన దారిని ఆటగాడు క్షమిస్తాడు. మోసం చేసిన దారిని క్షమించడం అతనికి కష్టం.

ఈ విషయానికి అసలైన పరీక్ష మరో మూడు దశాబ్దాలకు ఎదురైంది. 2015లో నింటెండో 'సూపర్ మారియో మేకర్' అనే సాధనాన్ని విడుదల చేసింది. నేల, గొయ్యి, గొట్టం, శత్రువు, అన్నీ తమ ఇష్టం వచ్చినట్లు పేర్చి ఎవరైనా సొంతంగా ఒక ఘట్టాన్ని కూర్చుకోవచ్చు. దానిని లోకంలోని ఆటగాళ్ళందరి ముందు ఉంచవచ్చు. అయితే ఒక నియమం ఉంది. కూర్చినవాడు మొదట తాను ఆడి గమ్యం చేరి చూపాలి. తాను దాటలేని దారిలోకి మరొకరిని పిలిచే హక్కు అతనికి లేదు. వంతెన కట్టినవాడు మొదట తానే నడిచి చూపాలన్నంత సూటి అయిన నియమం అది.

ప్రతి ఘట్టానికి ఎదురుగా, ప్రయత్నాలలో నూటికి ఎన్ని సఫలమయ్యాయో కనిపించేది. అపార కష్టం వల్లనో, ఎవరి కంటా పడకపోవడం వల్లనో, కొన్నింటి ఎదుట సున్నా అనే ఉండిపోయింది. 2017లో కొందరు ఆటగాళ్ళు 'టీమ్ జీరో పర్సెంట్' అనే పేరుతో జట్టుకట్టి, అటువంటి ఘట్టాలన్నింటినీ ఒక్కొక్కటిగా దాటడానికి పూనుకొన్నారు. 2021 మార్చి 31న కొత్త ఘట్టాలను చేర్చే అవకాశం ఆగిపోయింది. ఆ పరికరానికి సంబంధించిన ఆన్‌లైన్ సేవ 2024 ఏప్రిల్ 8న పూర్తిగా నిలిచిపోతుందని ప్రకటన వెలువడింది. ఆ తరువాత మిగిలినవాటిని ఆ మార్గాన చేరుకోవడం సాధ్యం కాదు. పని వేగం పుంజుకొంది. మార్చి నెల వచ్చేసరికి మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. చివరకు ఒక్కటి మిగిలింది. దాని పేరు 'ట్రిమ్మింగ్ ది హెర్బ్స్'. ఆడితే అర నిమిషమైనా పట్టదు. కాని మీట నొక్కడంలో రెప్పపాటు తేడా వచ్చినా ఆట ముగిసిపోతుంది. ఆరితేరినవారు రోజుల తరబడి, వేల సార్లు ప్రయత్నించి విఫలులయ్యారు.

అప్పుడు దానిని కూర్చినవాడే ముందుకు వచ్చి నిజం చెప్పాడు. తాను ఆ ఘట్టాన్ని చేతితో ఆడి దాటలేదని, యంత్రసాధనంతో మీటలు నొక్కించి నియమం నెరవేరినట్లు చూపానని ఒప్పుకొన్నాడు. ఏళ్ళ తరబడి ఆ జట్టును నడిపించినది ఒకే ఒక విశ్వాసం: ఏ దారినైనా దానిని వేసినవాడు ఒకసారి నడిచి ఉంటాడు, అతడు నడిచిన చోట మరొకడు నడవగలడు. ఈ ఒక్క దారిని ఎవరూ నడవలేదు. కనుక దీనిని లెక్కనుంచి తొలగించి, తమ పని అంతకుముందే పూర్తయినదని జట్టువారు ప్రకటించారు. న్యాయంగా చూస్తే కథ అక్కడితో ముగియాలి.

కాని కొందరు ఆగలేదు. ఏప్రిల్ 5న, సేవ నిలిచిపోవడానికి మూడు రోజుల ముందు, ఒక ఆటగాడు ఆ ఘట్టాన్ని తన చేతులతోనే ఆడి దాటాడు. దానిని కూర్చిన మనిషి చేయక వదిలిన పనిని వేరొకడు పూర్తిచేశాడు.

బయటినుంచి చూసేవారికి ఇదంతా వ్యర్థ ప్రయాసగా తోచవచ్చు. నాలుగు రోజుల్లో మూతపడబోయే లోకంలో, అర నిమిషమైనా పట్టని దారి కోసం అంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ జట్టువారు దాటిన ఘట్టాలలో అధికభాగం పేరు ప్రతిష్ఠలున్న శిల్పులు కూర్చినవి కావు. ఎక్కడో ఏ పిల్లవాడో సెలవురోజున కూర్చుని నేల పేర్చి, గొయ్యి తవ్వి, తానొకసారి నడిచి చూసుకొని, ఎవరైనా వస్తారని లోకం ముందు ఉంచినవి. ఏళ్ళు గడిచినా ఎవరూ దాటలేదు. మూతపడే రోజు దగ్గరపడినప్పుడు, ఆ పిల్లవాని ముఖమైనా ఎరుగని మరొకడు వచ్చి, అతడు వేసిన దారిలో చివరికంటా నడిచాడు. ఏప్రిల్ 8న ఆ సేవ ఆగిపోయేనాటికి, వారి లెక్క ప్రకారం, నడవకుండా మిగిలిన దారి అక్కడ ఒక్కటీ లేదు.