వచ్చినవారి కన్ను

పిల్లలూ! ఆర్మూరు దగ్గరి అంకాపూర్‌లో పంటలు చూడటానికి దూరాల నుంచి రైతులు వస్తూంటారు. ఊరివాళ్ళకు రోజూ కనిపించే పసుపు కుప్పలను వాళ్ళు ఆగి చూస్తారు. బొమ్మలు వేసేవాడికి కూడా అలా ఆగి చూడటమే మొదటి పాఠం.

రాజమండ్రిలో ఒక కుర్రవాడికి ఈ పాఠం పరదేశి వల్ల అబ్బింది. అక్కడి ప్రభుత్వ కళాశాలకు ఇంగ్లండు నుంచి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా వచ్చాడు. ఆయన బొమ్మలు వేసేవాడు, కథలు రాసేవాడు. మన గోదావరి, మన గుళ్ళు, మన మనుషులు ఆయనకు ఎంతో ఇష్టం. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. 1897లో పుట్టిన దామెర్ల రామారావు ఆయన ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి వెళ్ళి జె. జె. చిత్రకళాశాలలో చేరాడు.

చదువు ముగిశాక రామారావు బొంబాయిలోనే ఉండిపోలేదు. రాజమండ్రికి తిరిగివచ్చి, 1923లో చిత్రకళాశాల పెట్టి, తాను నేర్చినది పదిమందికీ నేర్పాడు. 1925లో, 28 ఏళ్ళయినా నిండకుండానే, మశూచికి గురై పోయాడు. అయినా ఆయన మిత్రులూ శిష్యులూ ఆ పని ఆపలేదు. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది.

కనక, మీ ఊరికి చిత్రకారుడెవరైనా వస్తే, బొమ్మ గీసిమ్మని అడగటంతో సరిపెట్టకండి. ఆయన దేని దగ్గర ఆగుతున్నాడో కనిపెట్టండి. మర్నాడు మీరూ అక్కడే కూర్చుని, మీకు కనిపించినదే గీయండి.