జప్తయిన గ్యారంటీ సొమ్ము ఎవరిది?

విజయవాడ వన్ టౌన్ హోల్‌సేల్ వ్యాపారులకు బయానా లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. సరుకు తీసుకుంటానని కొంత ముందు కట్టి, తీరా సమయానికి కాదంటే ఆ సొమ్ము నష్టపోయినవాడికే చెందుతుంది. సోలార్, పవన విద్యుత్ కంపెనీలిచ్చే బ్యాంకు గ్యారంటీలకూ ఇదే ధర్మం వర్తించాలి. గడువులోగా ప్లాంటు కట్టని కంపెనీ గ్యారంటీని జప్తు చేయడం సబబే. ఆ తర్వాత డబ్బు ఎటు పోతోందన్న దగ్గరే పేచీ.

నష్టపోయేది ఎవరు? రావాల్సిన కరెంటు రాకపోతే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) ఎనర్జీ ఎక్స్ఛేంజీకి వెళ్లి, ఆ రోజు ధర ఎంతుంటే అంతకు కొంటుంది. అదనపు ఖర్చు ఏడాదికో రెండేళ్లకో ట్రూ అప్ పేరుతో బిల్లెక్కుతుంది. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్ల రూపాయల వసూలుకు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) 2024 చివర్లో అనుమతించింది. ఇదంతా ఆగిపోయిన ప్రాజెక్టుల పాపమే అనడం లేదు, బొగ్గు ధరల వాటా కూడా ఉంది. కానీ వన్ టౌన్ వస్త్రలత మార్కెట్‌లో ఏ చీరల కొట్టు కరెంటు బిల్లైనా తీసి చూడండి. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఎనర్జీ ఛార్జీ, డ్యూటీ, ట్రూ అప్, అన్నీ వరసగా కనిపిస్తాయి. జప్తు చేసిన గ్యారంటీల తాలూకు జమ మాత్రం ఎక్కడా ఉండదు.

జాతీయ సౌర మిషన్ పథకాల మార్గదర్శకాలు ఈ సొమ్మును చెల్లింపుల భద్రతా నిధిలో వేయమన్నాయి. డిస్కమ్‌లు బకాయి పెడితే ఉత్పత్తిదారులకు ఆ నిధి నుంచి ఇవ్వాలి. అంటే ఒక కంపెనీ మాట తప్పితే వచ్చిన డబ్బు మరో కంపెనీకి రక్షణ అవుతోంది! గ్రిడ్ కనెక్టివిటీ విషయంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022 నిబంధనలు నయం. అక్కడ జప్తయిన గ్యారంటీ సొమ్మును నెలవారీ ట్రాన్స్‌మిషన్ ఛార్జీల్లో సర్దుబాటు చేస్తారు. మన డిస్కమ్‌లు కూడా ఆ దారి పట్టాలి.

పోనీ, ఈ సొమ్మును ప్రభుత్వ ఖజానాలో వేస్తే ఏమవుతుందో బొగ్గు సెస్సు చూపించింది. స్వచ్ఛ ఇంధనం కోసమంటూ 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016కల్లా 400కు చేరింది. 2017-18 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు, ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్లలోపే. జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాల పరిహారం సెస్సుగా మారిపోయింది.

ఇక మాట తప్పేది కంపెనీలు మాత్రమేనా? 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి తాత్కాలికంగా యూనిట్‌కు పవన విద్యుత్‌కు రూ.2.43, సౌర విద్యుత్‌కు రూ.2.44 చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందం ప్రకారమే చెల్లించాలని తేల్చింది. ధరలు తగ్గించాలని నిర్ణయించినవారి గ్యారంటీ ఏదీ జప్తు కాలేదు. బకాయి డిస్కమ్ నెత్తిన పడింది. డిస్కమ్‌కు డబ్బు వచ్చేది మన బిల్లుల నుంచే కదా.

జప్తు సొమ్మును 'ఇతర ఆదాయం' పద్దులో కలిపేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఏ ప్రాజెక్టు, ఎన్ని మెగావాట్లు, ఎంత జప్తు, ఎంత తిరిగొచ్చింది అన్నది ట్రూ అప్ ఉత్తర్వులోనే విడిగా ఉండాలి. డిస్కమ్‌లు ఏటా నవంబరులో వార్షిక ఆదాయ అవసరాల నివేదికను కమిషన్‌కు ఇస్తాయి, తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. రాతపూర్వక అభ్యంతరాలకు జవాబివ్వడం వాటి బాధ్యత. ఈసారి వ్యాపార సంఘాలు, రైతు సంఘాలు ఈ ఒక్క ప్రశ్నైనా కాగితం మీద పెట్టి అడగాలి.